ఆడేదీ వారే, తీర్పు చెప్పేదీ వారే: 1908 నాటి అంతర్జాతీయ క్రీడలు

1908 జూలై 25న లండన్‌లోని వైట్ సిటీ స్టేడియంలో 400 మీటర్ల పరుగుకు ఒలింపిక్ ఫైనల్ జరిగింది. అందులో పరుగెత్తినవాడు ఒక్కడే. బ్రిటిష్ సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న విండమ్ హాల్స్‌వెల్ బొగ్గుపొడి పరచిన ట్రాక్‌పై ఒంటరిగా పరుగెత్తి, 50 సెకన్లలో గీత దాటి, స్వర్ణ పతకం గెలుచుకున్నాడు. అతనితో పోటీపడవలసిన ఇద్దరు అమెరికన్లు మైదానానికి రాలేదు. మూడో అమెరికన్‌ను రెండు రోజుల ముందే అనర్హుడిగా ప్రకటించారు. ఒలింపిక్ పరుగుపందేల చరిత్రలో ప్రత్యర్థి లేకుండా దక్కిన స్వర్ణం ఇదొక్కటే.

ఈ ఘటనను ఒక వింతగా చెప్పుకోవడం మామూలే. అయితే 1908లో జరిగిన అంతర్జాతీయ పోటీలను వరుసగా చూస్తే, ఇలాంటి తగాదాలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి, వాటన్నిటి మూలం కూడా ఒకటే. క్రీడాకారులు వ్యక్తులుగా కాక దేశాల తరఫున బరిలోకి దిగడం అప్పుడప్పుడే స్థిరపడుతోంది. తీర్పు చెప్పే అధికారం మాత్రం ఇంకా ఆతిథ్యమిచ్చినవారి చేతుల్లోనే ఉండిపోయింది. ఎవరి నియమాల ప్రకారం ఆడాలి, ఎవరిని ఒక దేశంగా లెక్కించాలి, గెలిచినవాడు ఎవరో తేల్చేది ఎవరు అన్న ప్రశ్నలకు ఆ ఏడాది మొదట్లో అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. నేటి అంతర్జాతీయ క్రీడావ్యవస్థలో చాలా భాగం ఆ జవాబుల కోసం పడిన పెనుగులాటలోంచే పుట్టింది.

అసలు ఆ ఒలింపిక్స్ లండన్‌కు రావలసినవి కావు. రోమ్ నగరం వాటిని నిర్వహించవలసి ఉండగా, 1906 ఏప్రిల్‌లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై నేపుల్స్ పరిసరాలను దెబ్బతీసింది. ఆ ఏడాదే ఇటలీ చేతులెత్తేసింది. అప్పటికే ఇటలీ ప్రభుత్వానికి డబ్బుకు కటకటగా ఉందని, అగ్నిపర్వతం ఒక సాకుగా కూడా పనికొచ్చిందని చరిత్రకారులు అంటారు. బ్రిటిష్ ఒలింపిక్ సంఘానికి నాయకుడైన లార్డ్ డెస్‌బరో రెండేళ్లలోపే పోటీలు జరిపిస్తామని ఒప్పుకున్నారు. లండన్ పడమటి భాగంలోని షెపర్డ్స్ బుష్‌లో అదే ఏడాది ఫ్రాంకో-బ్రిటిష్ ప్రదర్శన జరగవలసి ఉంది. ఆ ప్రదర్శన నిర్వాహకుడు ఇమ్రే కిరాల్ఫీతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ప్రదర్శన సంస్థే స్టేడియం కట్టించి ఇచ్చింది. మూడు చుట్లు తిరిగితే ఒక మైలు అయ్యే పరుగు ట్రాక్, దాని చుట్టూ సైకిల్ ట్రాక్, మధ్యలో 100 మీటర్ల పొడవైన ఈత కొలను. ఒలింపిక్ ఈత పోటీలు కట్టిన కొలనులో జరగడం అదే మొదలు. అంతకుముందు 1896లో సముద్రంలో, 1900లో సెన్ నది ప్రవాహంలో, 1904లో సరస్సులో ఈదారు. ప్రవాహం ఈడ్చుకెళ్లే నదిలో నమోదైన సమయాన్ని మరో చోటి సమయంతో పోల్చడం కుదరదు. కొలను కట్టడమంటే ఒక కొలమానాన్ని కట్టడమే.

ఆ ఒలింపిక్స్‌కు 22 జట్లు, సుమారు 2,000 మంది క్రీడాకారులు వచ్చారు. వారిలో మహిళలు 37 మందే. అంతకుముందు ఆసక్తి ఉన్నవారు, ప్రయాణ ఖర్చు భరించగలిగినవారు ఎవరంతట వారు వచ్చి పోటీల్లో చేరేవారు. లండన్‌లో తొలిసారిగా ప్రతి దేశపు ఒలింపిక్ సంఘం ద్వారానే పేర్లు నమోదు చేయాలన్నారు. కాగితం మీద ఇది చిన్న మార్పు. ఆచరణలో మాత్రం ఇది పందెం స్వభావాన్నే మార్చింది, ఎందుకంటే ఇకపై ఓడినవాడి వెనుక ఒక జెండా, ఒక సంఘం, ఒక దేశపు పత్రికలు నిలబడి ఉంటాయి.

జూలై 13న ఏడవ ఎడ్వర్డ్ రాజు ప్రారంభోత్సవం చేసిన రోజే దేశమంటే ఏమిటన్న ప్రశ్న మైదానంలోకి నడిచివచ్చింది. ఫిన్లండ్ అప్పుడు రష్యా సామ్రాజ్యంలో భాగం. ఫిన్లండ్ జట్టు విడిగా పాల్గొనడానికి వీలు దొరికింది గాని, సొంత జెండా పట్టుకోవడానికి అనుమతి లేదు. రష్యా జెండా వెనుక నడవడానికి వారు ఒప్పుకోలేదు, ఏ జెండా లేకుండానే నడిచారు. ఆ జట్టులోని వెర్నర్ వెక్‌మన్ కుస్తీలో గెలిచి తన దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం సాధించాడు. ఐర్లండ్‌వారికి ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. ట్రిపుల్ జంప్ గెలిచిన టిమ్ అహెర్న్ ఐరిష్ వాడైనా ఆ పతకం బ్రిటన్ ఖాతాలోనే పడింది. ఐర్లండ్‌లో పుట్టి అమెరికాకు వలసపోయిన హేమర్ త్రో వీరుడు జాన్ ఫ్లానగన్ పతకం అమెరికాకు వెళ్లింది. అదే హాకీకి వచ్చేసరికి ఇంగ్లండ్, ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్ నాలుగూ వేర్వేరు జట్లుగా ఆడాయి! ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఆస్ట్రలేషియా పేరుతో ఒకే జట్టుగా వచ్చాయి. దక్షిణాఫ్రికా, కెనడా సామ్రాజ్యంలో ఉంటూనే తమ పేరుతో పోటీపడ్డాయి. 100 మీటర్ల స్వర్ణం దక్షిణాఫ్రికాకు చెందిన రెజీ వాకర్‌కు, 200 మీటర్లది కెనడాకు చెందిన రాబర్ట్ కెర్‌కు దక్కాయి. తెల్లవారు ఏలుకునే వలసలకు దొరికిన ఈ గుర్తింపు భారతదేశానికి లేదు. మన దేశం నుంచి జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లింది 1920లో, ఆంట్‌వెర్ప్‌కు. ఇలా ఎవరు దేశం, ఎవరు కాదన్నది ఆటకు సంబంధించిన కొలతతో తేలలేదు, అప్పటి సామ్రాజ్యాల లెక్కను బట్టి తేలింది.

జెండాల గొడవ అంతటితో ఆగలేదు. స్టేడియంపై ఎగరవలసిన జెండాలలో అమెరికాదీ స్వీడన్‌దీ లేవని ఆ రెండు జట్లూ నొచ్చుకున్నాయి. అమెరికా పతాకధారి రాల్ఫ్ రోజ్ రాజు ముందు జెండా వంచలేదన్న కథ ఆ తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చింది. దానికి జతచేసే ‘ఈ జెండా ఏ భూలోకపు రాజు ముందూ వంగదు’ అన్న వీరోచిత వాక్యం మాత్రం చాలా ఏళ్ల తర్వాత అతికించినదే. నిజానికి ఆ రోజు ఎంత జరిగిందన్నదానికన్నా, రెండు పక్షాలూ మొదటి రోజు నుంచే ఒకరిపై ఒకరు నమ్మకం కోల్పోయి ఉన్నాయన్నదే గమనించవలసిన విషయం. అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ సంఘానికి పెద్ద అయిన జేమ్స్ సలివన్ నిర్వాహకులపై బహిరంగంగానే ఫిర్యాదులు చేశాడు. న్యాయనిర్ణేతలందరూ బ్రిటిష్ వారే కావడం ఆ ఫిర్యాదులకు ఊపిరి పోసింది.

తాడులాగుడు పోటీలో ఇది తొలిసారి రచ్చకెక్కింది. లివర్‌పూల్ పోలీసుల జట్టు తమ విధుల్లో వేసుకునే బరువైన బూట్లతోనే దిగి, అమెరికన్లను అవలీలగా లాగిపడేసింది. ఆ బూట్లు నిబంధనలకు విరుద్ధమని అమెరికన్లు అభ్యంతరం చెప్పారు. అవి పోలీసులు రోజూ వేసుకునే మామూలు బూట్లేనని న్యాయనిర్ణేతలు తోసిపుచ్చారు. అమెరికా జట్టు అక్కడితో పోటీ నుంచి తప్పుకుంది. చివరికి స్వర్ణ, రజత, కాంస్యాలు మూడూ బ్రిటిష్ పోలీసు జట్లకే దక్కాయి.

హాల్స్‌వెల్ ఒంటరి పరుగుకు దారితీసిన అసలు ఫైనల్ జూలై 23న జరిగింది. అప్పట్లో 400 మీటర్లకు విడివిడి దారులు గీసేవారు కాదు, అందరూ ఒకే గుంపుగా పరుగెత్తేవారు. నలుగురు ఫైనలిస్టులలో హాల్స్‌వెల్ ఒక్కడే బ్రిటిష్ వాడు. జాన్ కార్పెంటర్, విలియం రాబిన్స్, జాన్ టేలర్ ముగ్గురూ అమెరికన్లు. ముగ్గురూ కలిసి అతన్ని అడ్డుకుంటారన్న అనుమానంతో అధికారులు ట్రాక్ పొడవునా అక్కడక్కడా మనుషులను నిలబెట్టారు. సెమీఫైనల్లో 48.4 సెకన్లతో ఒలింపిక్ రికార్డు నెలకొల్పిన హాల్స్‌వెల్, చివరి మలుపు దాటాక బయటివైపు నుంచి ముందుకు రావడానికి ప్రయత్నించాడు. ముందున్న కార్పెంటర్ నేరుగా పోకుండా క్రమంగా బయటికి జరుగుతూ అతన్ని ట్రాక్ అంచు దాకా నెట్టుకుపోయాడు. అక్కడున్న అంపైర్లు ఫౌల్ అని కేకలు వేశారు. గీత దగ్గరున్నవారు పరుగు పూర్తికాకముందే టేపు తెంచేశారు. తర్వాత బొగ్గుపొడిపై పడిన కార్పెంటర్ అడుగుజాడలను వంగి చూసి, అతను ఎక్కడ మొదలుపెట్టి ఎంత పక్కకు జరిగాడో పరిశీలించారు. పందెం చెల్లదని, కార్పెంటర్ అనర్హుడని, మిగిలిన ముగ్గురూ రెండు రోజుల తర్వాత దారాలు కట్టి వేరుచేసిన దారుల్లో మళ్లీ పరుగెత్తాలని తీర్పు వచ్చింది. రాబిన్స్, టేలర్ నిరాకరించారు.

ఇందులో మోసం ఎవరిది? అమెరికాలో అమలులో ఉన్న నియమాలు వెనుకవాడి దారిని కొంతవరకు అడ్డుకోవడాన్ని సహించేవి. బ్రిటిష్ నియమాలు దాన్ని స్పష్టంగా నిషేధించాయి. కార్పెంటర్ తన ఊళ్లో ఎప్పుడూ పరుగెత్తినట్లే పరుగెత్తానని నిజాయితీగానే నమ్మి ఉండవచ్చు. బ్రిటిష్ అంపైర్లు తమ నియమం ప్రకారం సరైన తీర్పే ఇచ్చారు, అడుగుజాడలు కూడా అదే చెప్పాయి. అయినా ఆ తీర్పును అవతలి పక్షం నమ్మలేదు, నమ్మవలసిన అవసరమూ వారికి కనిపించలేదు. పంచాయతీ పెద్ద వాదికి మేనమామ అయితే, ఆయన ఎంత ధర్మంగా చెప్పినా ప్రతివాది ఇంటికి వెళ్లి ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. పోటీలు ముగిశాక బ్రిటిష్ సంఘం అమెరికన్ల ఆరోపణలకు జవాబుగా ఒక పుస్తకమే అచ్చు వేయవలసి వచ్చింది. అది చదివి అభిప్రాయం మార్చుకున్న అమెరికన్లు ఎవరైనా ఉన్నట్లు కనిపించదు.

ఈ రెండు తేదీల మధ్య, జూలై 24న, మారథాన్ జరిగింది. ఆ పరుగు విండ్సర్ కోట ఆవరణలో మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగిసింది. కోట నుంచి స్టేడియం వరకు 26 మైళ్లు, లోపల ట్రాక్‌పై 385 గజాలు, మొత్తం 42.195 కిలోమీటర్లు. ఎండ తీవ్రంగా ఉన్న ఆ మధ్యాహ్నం 55 మంది బయలుదేరితే చివరిదాకా వచ్చినవారు 27 మంది. చాలాసేపు ముందున్న దక్షిణాఫ్రికా పరుగువీరుడు చార్లెస్ హెఫరన్‌ను, స్టేడియం ఇంకా కొద్ది దూరం ఉందనగా, ఇటలీలోని కార్పి పట్టణంలో మిఠాయి దుకాణంలో పనిచేసే 22 ఏళ్ల డొరాండో పియెట్రి దాటేశాడు.

స్టేడియంలోకి వచ్చేసరికి అతనికి ఒళ్లు తెలియని స్థితి. పొట్టి మనిషి, తెల్లటి చొక్కా, ఎర్రటి నిక్కరు. వేలాదిమంది లేచి నిలబడి చూస్తుండగా అతను తిరగవలసిన వైపు కాకుండా రెండో వైపు తిరిగాడు. అధికారులు పరుగున వచ్చి దారి చూపారు. నాలుగు అడుగులు వేసి కూలిపోయాడు. లేపారు, మళ్లీ పడ్డాడు. గీత చేరేలోపు ఐదుసార్లు పడ్డాడు. ఆ 385 గజాలకే సుమారు పది నిమిషాలు పట్టాయి. చివర్లో పోటీ నిర్వాహకుడు జాక్ ఆండ్రూ, వైద్యుడు మైకేల్ బుల్గర్ అతని పక్కనే ఉండి గీత దాటించారు. సమయం 2 గంటల 54 నిమిషాల 46.4 సెకన్లు. అరనిమిషం తర్వాత అమెరికాకు చెందిన జానీ హేస్ ఎవరి సాయమూ లేకుండా 2 గంటల 55 నిమిషాల 18.4 సెకన్లకు వచ్చి చేరాడు. అయినా స్తంభంపై మొదట ఎగిరింది ఇటలీ జెండాయే. అమెరికన్లు అభ్యంతరం చెప్పారు, ఈసారి న్యాయనిర్ణేతలు దాన్ని అంగీకరించారు. పియెట్రి అనర్హుడయ్యాడు, స్వర్ణం హేస్‌ది అయింది.

ఇక్కడ తప్పు ఎవరిదంటే ముమ్మాటికీ అధికారులదే. పడిపోయిన మనిషిని అలాగే వదిలేస్తే వేలమంది కళ్లముందు ప్రాణం పోతుందేమోనని వారు భయపడ్డారు. ఆ భయం మానవ సహజమే. అయితే చేయి అందించిన క్షణంలోనే పందెం అతని చేతిలోంచి జారిపోయింది, ఆ సంగతి వారికి తెలియనిది కాదు. మరునాడు అలెగ్జాండ్రా రాణి పియెట్రికి బంగారు పూత పూసిన వెండి కప్పును బహూకరించింది. పతకం లేకుండా వెళ్లిన మనిషి పతకం గెలిచినవాడికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు. నవంబరు 25న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హేస్‌తో డబ్బు కోసం మళ్లీ పరుగెత్తి, ఈసారి గెలిచాడు కూడా. దాంతో అమెరికాలో మారథాన్ పిచ్చి పట్టుకుంది.

దూరం సంగతి మరీ చిత్రమైనది. 1908కి ముందు మారథాన్ అంటే సుమారు 40 కిలోమీటర్లు అనుకునేవారు, కొలత ఊరికో రకంగా ఉండేది. 1912లో స్టాక్‌హోమ్‌లో 40.2 కిలోమీటర్లు, 1920లో ఆంట్‌వెర్ప్‌లో 42.75 కిలోమీటర్లు పరుగెత్తారు. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య లండన్ దూరాన్నే ప్రమాణంగా ఖాయం చేసింది. 1924 పారిస్ నుంచి ఒలింపిక్స్‌లో అదే అమలవుతోంది. నేడు హైదరాబాద్‌లో తెల్లవారుజామున పూర్తి మారథాన్‌కు బయలుదేరేవారు 42 కిలోమీటర్ల రాయి దాటాక ఇంకా మిగిలే ఆ 195 మీటర్లను కాళ్లీడ్చుకుంటూ పరుగెత్తడానికి కారణం, ఒక రాజకుటుంబం ఒక మధ్యాహ్నం కూర్చున్న చోటు.

తీర్పు తగాదాలు స్టేడియానికే పరిమితం కాలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ నుంచి పారిస్‌కు, అమెరికా, జపాన్, సైబీరియాల మీదుగా, ఆరు కార్లు పందెం మొదలుపెట్టాయి. జూలై 26న పారిస్‌లోకి మొదట ప్రవేశించింది జర్మనీ కారు ప్రోటోస్. నాలుగు రోజుల తర్వాత, జూలై 30న, జార్జ్ షుస్టర్ నడిపిన అమెరికా కారు థామస్ ఫ్లైయర్ వచ్చింది. విజేతగా మాత్రం రెండోదాన్నే ప్రకటించారు. అమెరికాలో కొంత దూరం ప్రోటోస్‌ను రైలుపై తరలించారు. ముందే నిర్ణయించిన దారి ప్రకారం అమెరికన్లు అలాస్కా దాకా వెళ్లి మంచువల్ల వెనక్కి తిరిగిరాగా, జర్మన్లు ఆ భాగమే వదిలేశారు. ఈ రెండింటికీ కలిపి 30 రోజుల తేడా లెక్క వేశారు. ప్రపంచాన్ని ముక్కాలు వంతు చుట్టే పందేనికి దారిలో కూర్చున్న న్యాయనిర్ణేత ఎవరూ లేరు. దూరం నుంచి తంతి వార్తలు చూసి తీర్పు చెప్పవలసి వచ్చింది.

ఇన్ని గొడవల నుంచి గట్టిగా నిలిచిన ఫలితం సంస్థలు. ఒలింపిక్స్ జరుగుతుండగానే, జూలై 19న, లండన్‌లోనే ఎనిమిది దేశాల ఈత సంఘాలు కూడి ఫినా అనే అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించాయి. ఈత నియమాలు, ప్రపంచ రికార్డుల గుర్తింపు అప్పటినుంచి దాని చేతికి వచ్చాయి. అంతకు రెండు నెలల ముందు పారిస్‌లో ఐస్ హాకీ సమాఖ్య ఏర్పడింది. అథ్లెటిక్స్‌కు మరికొంత సమయం పట్టింది. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ సందర్భంగా అంతర్జాతీయ సమాఖ్యకు పునాది పడింది, ఆ తర్వాతే పరుగుకు అందరికీ ఒకే నియమాలు అన్న మాట నిజమవడం మొదలైంది. స్టాక్‌హోమ్‌లో న్యాయనిర్ణేతలను వేర్వేరు దేశాల నుంచి తీసుకున్నారు. ముగింపు గీత దగ్గర ఫొటో, విద్యుత్ గడియారం కూడా పరీక్షించి చూశారు. లండన్‌లో బొగ్గుపొడిపై అడుగుజాడలు వెతికిన మనుషుల పనిని యంత్రానికి అప్పగించడానికి అది తొలి ప్రయత్నం.

అయితే ఆ ఏడాది చివర్లో జరిగిన ఒక పోటీని ఏ సమాఖ్య నియమావళీ అందుకోలేకపోయింది. డిసెంబరు 26న సిడ్నీలో ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ విజేత, కెనడాకు చెందిన టామీ బర్న్స్‌తో అమెరికన్ నల్లజాతీయుడు జాక్ జాన్సన్ తలపడ్డాడు. నల్లవారితో టైటిల్ కోసం బరిలోకి దిగేది లేదన్న కట్టుబాటును అంతకుముందరి తెల్ల విజేతలు పాటిస్తూ వచ్చారు. ఏ పుస్తకంలోనూ రాయని నియమం అది, అందుకే దాన్ని సవాలు చేయడానికి ఏ సభా లేదు. జాన్సన్ బర్న్స్ వెంట ఖండాలు దాటి తిరిగాడు. ప్రమోటర్ హ్యూ మెకింటోష్ బర్న్స్‌కు 6,000 పౌండ్లు ఇస్తాననడంతో ఆ కట్టుబాటు పక్కకు తప్పుకుంది. జాన్సన్‌కు అందులో ఆరోవంతు కూడా దక్కిందో లేదో. రిఫరీ ఎవరన్నదానిపై మాట కుదరక చివరికి మెకింటోషే ఆ పని కూడా చేశాడు. 14వ రౌండులో పోలీసులు కల్పించుకుని పోరు ఆపించారు. చిత్రీకరిస్తున్న కెమెరాలనూ ఆపేశారు. మెకింటోష్ జాన్సన్‌నే విజేతగా ప్రకటించాడు. పోటీ నడిపినవాడే తీర్పరి అయిన చోట ఆ ఏడాది ఎవరూ తప్పుబట్టలేని తీర్పు ఇదే, ఎందుకంటే బర్న్స్ స్థితి చూసిన 20,000 మందికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. 1915లో జాన్సన్ ఓడిపోయాక ఆ అలిఖిత నియమం మళ్లీ తలెత్తింది. 1937లో జో లూయిస్‌కు అవకాశం దొరికేదాకా, 22 ఏళ్లపాటు మరో నల్లజాతీయుడు హెవీవెయిట్ టైటిల్ కోసం బరిలోకి దిగలేకపోయాడు.

జాన్సన్ గెలుపు వార్త విని సంతోషించవలసిన ఒక మనిషి అప్పటికే లేడు. 400 మీటర్ల ఫైనల్ మళ్లీ పరుగెత్తడానికి నిరాకరించిన ఇద్దరు అమెరికన్లలో ఒకడైన జాన్ టేలర్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదివిన నల్లజాతి యువకుడు. జట్టు మాటకు కట్టుబడి వ్యక్తిగత పతకం వదులుకున్న అతను, అదే వారంలో, నలుగురి వంతుల దూరాలు ఒకేలా ఉండని మెడ్లే రిలేలో 400 మీటర్ల వంతు పరుగెత్తి, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ అయ్యాడు. ఇంటికి చేరిన కొద్ది నెలలకే, డిసెంబరు 2న, టైఫాయిడ్‌తో మరణించాడు. వయసు 26. జూలై 25న హాల్స్‌వెల్ ఒంటరిగా పరుగెత్తిన ట్రాక్‌పై దారాలు కట్టి వేరుచేసిన దారుల్లో ఒకటి అతని కోసం ఉంచినదే.